ఒక పీరియడ్, ఒక గాజుగ్లాసు, చిటికెడు పసుపు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పాఠశాల విద్యాశాఖ బాధ్యత చూస్తున్న మంత్రివర్యులకు,



తెలుగింట పెళ్లంటే పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టవలసిందే. తడిపిన పసుపులో కాస్త సున్నం కలపగానే ముద్ద ఎర్రబడుతుంది. కొత్త దంపతులు గడప దాటేముందు పళ్లెంలో తెచ్చి తిప్పే ఎర్రనీళ్లు కూడా పసుపూ సున్నమే. ఆ పళ్లెంలో అరచెక్క నిమ్మకాయ పిండితే ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు తేలుతుంది. ఇంకాస్త సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం ఆమ్లంలో పసుపుపచ్చగా ఉంటుంది, క్షారం తగలగానే ఎరుపుకు తిరుగుతుంది. చొక్కా మీద పడిన కూర మరక సబ్బు రాయగానే ఎర్రబడడానికీ కారణం ఇదే.

ఆమ్లాలు, క్షారాలు పాఠం మొదలుపెట్టడానికి ఆ పళ్లెం చాలు. పిల్లలు దాన్ని ఎన్నో పెళ్లిళ్లలో చూసే ఉంటారు. అయినా పుస్తకంలోని ‘సూచిక’ అన్న మాటకూ, మేనత్త చేతిలోని పళ్లేనికీ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పకుండానే ఏడాది గడిచిపోతుంది. పరీక్షలో మాత్రం ‘ప్రయోగ విధానాన్ని రాయండి’ అని ప్రశ్న వస్తుంది. ఎన్నడూ చెయ్యని ప్రయోగానికి పరికరాల జాబితా, విధానం, పరిశీలన, ముగింపు వరుసగా రాసి మార్కులు తెచ్చుకోవడం మన పిల్లలకు బాగా అలవాటైపోయింది. ఆ పరిశీలన కూడా వాళ్ల కళ్లతో చూసింది కాదు, గైడులోది.

ఈ లేఖ మీ ముందుకు తెస్తున్న విన్నపం ఇది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు వారానికి ఒక పీరియడ్ పిల్లలు తమ చేతులతో ప్రయోగం చేసే పీరియడ్‌గా టైమ్‌టేబుల్‌లో రాయించండి. ఆ ప్రయోగాలన్నీ ఇంట్లో, బడి వంటగదిలో, వీధి చివర కిరాణా కొట్టులో దొరికే వస్తువులతోనే జరగాలి. చేసేముందు ఏం జరుగుతుందనుకున్నారో, చేశాక ఏం జరిగిందో పిల్లలు సొంత మాటల్లో రాసుకునే నోటుపుస్తకానికి మార్కులుండాలి.

ఇందులో కొత్త ఆలోచనేదీ లేదని మీకు తెలుసు. మన సైన్సు పాఠ్యపుస్తకాల్లో పేజీ పేజీకీ ‘కృత్యం’ అన్న శీర్షిక కనిపిస్తుంది. విద్యాప్రమాణాల జాబితాలో ‘ప్రయోగాలు, క్షేత్రపరిశీలనలు’ ఉన్నాయి. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పని ఉంది. 2020 జాతీయ విద్యావిధానం చేసి నేర్చుకోవడం గురించి గట్టిగా చెప్పింది, 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడిపే అవకాశమూ ఇవ్వమంది. కాగితం మీద లోటేమీ లేదు. ఆచరణలో మాత్రం, సిలబస్ వెనకబడిందనగానే మొట్టమొదట కోతపడేది కృత్యానికే. ప్రాజెక్టు పని స్టేషనరీ కొట్లో చార్టు కొని, నెట్ సెంటర్‌లో బొమ్మలు ప్రింటు తీయించి అంటించడంతో ముగుస్తుంది.

పిల్లలే ఎందుకు చెయ్యాలి, టీచరు చేసి చూపిస్తే చాలదా, డిజిటల్ తెర మీద వీడియో వేస్తే సరిపోదా అని మీ అధికారులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఒక కొవ్వొత్తి చెబుతుంది.

పళ్లెంలో కాసిన్ని నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, పైన గాజుగ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి కొవ్వొత్తి కొండెక్కుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. దీనికి తరతరాలుగా చెబుతూ వస్తున్న వివరణ ఒకటుంది. మంట గాలిలోని ఆక్సిజన్‌ను వాడేసింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి, గాలిలో ఆక్సిజన్ ఐదోవంతు కనుక నీళ్లూ గ్లాసులో ఐదోవంతే ఎక్కాయి అని. వినడానికి చక్కగా అతికినట్టుంటుంది. కానీ తప్పు.

ఆ తప్పు పట్టుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పన్నెండేళ్ల పిల్ల ఒక కొవ్వొత్తికి బదులు నాలుగు పెట్టి చూస్తే చాలు. గ్లాసు అదే, అందులో గాలి అంతే, ఆక్సిజనూ అంతే. అలాంటప్పుడు నీళ్లూ అంతే ఎక్కాలి కదా? ఎక్కువ ఎక్కుతాయి. ఇంకాస్త శ్రద్ధగా చూసిన పిల్లకు మరో సంగతి కనబడుతుంది. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు, ఆరిపోయాకే గబగబా ఎక్కుతాయి. గ్లాసు అంచు కిందనుంచి బుడగలు బయటికి పోవడం కూడా ఒక్కోసారి కంటపడుతుంది. అసలు జరిగేదేమిటంటే, మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి తప్పించుకుంటుంది. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. మైనం మండినప్పుడు పుట్టిన నీటిఆవిరి గ్లాసు గోడల మీద చెమ్మగా మారుతుంది. లోపల ఒత్తిడి తగ్గేసరికి బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ ఖర్చయిన చోట కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది కూడా. అన్నిటికంటే ముఖ్యంగా, కొవ్వొత్తి ఆరిపోయే వేళకు ఆ గాలిలోని ఆక్సిజన్‌లో సగానికి పైగా ఇంకా మిగిలే ఉంటుంది.

ఐదోవంతును నిజంగా చూపించే ప్రయోగం వేరే ఉంది. దానికి మంట అక్కర్లేదు. లేత్ మిషన్ దగ్గర ఊరికే రాలిపడే ఇనుప రజను గుప్పెడు తెచ్చి, తడిపి, గ్లాసు అడుగున అంటుకునేలా అద్ది, నీళ్ల పళ్లెంలో బోర్లించి కిటికీ పక్కన పెట్టాలి. తుప్పు పడుతున్న కొద్దీ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను తనలో కలుపుకుంటుంది, దానికి బదులుగా వేరే వాయువేదీ పుట్టదు. రోజూ స్కేలు పెట్టి కొలుస్తుంటే నీళ్లు నెమ్మదిగా పైకి జరిగి, కొన్ని రోజులకు దాదాపు ఐదోవంతు దగ్గర ఆగిపోతాయి.

ఇప్పుడు రెండు తరగతి గదులను ఊహించండి. ఒకదానిలో టీచరు బల్ల మీద కొవ్వొత్తి ప్రయోగం ఒక్కసారి చేసి ‘ఐదోవంతు’ అని చెబుతారు, నలభైమంది ఆ తప్పును నోటుపుస్తకంలోకి ఎక్కిస్తారు. రెండోదానిలో ఆ నలభైమందే పది గుంపులుగా నేల మీద కూర్చుంటారు. ఒక గుంపు ఒక కొవ్వొత్తి, పక్క గుంపు రెండు, ఇంకో గుంపు నాలుగు పెడుతుంది. కొలతలు బోర్డు మీద వేసేసరికి అంకెలు పొసగవు. మా గ్లాసులో ఇంత ఎక్కింది, మీ గ్లాసులో అంత ఎందుకెక్కిందని వాదన మొదలవుతుంది. ఈ పీరియడ్‌ను మిమ్మల్ని అడుగుతున్నది ఆ వాదన కోసమే. ఒక్కసారి నడిచి ఆగిపోయే వీడియోలో దానికి చోటు లేదు.

వంటింటి సామానుతో చేసేది పిల్లల ఆటే తప్ప అసలు సైన్సు కాదన్న చిన్నచూపు చాలామందిలో ఉంది. ఆగ్నెస్ పోకెల్స్ కథ వారికి చెప్పాలి. 19వ శతాబ్దం చివర జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఉండేదామె. ఆ రోజుల్లో ఆడపిల్లలకు అక్కడి విశ్వవిద్యాలయాల తలుపులు తెరిచి లేవు. ఇంటి పని, జబ్బుపడిన తల్లిదండ్రుల సేవ ఆమె వంతుకు వచ్చాయి. గిన్నెలు తోమే నీళ్ల మీద జిడ్డు, సబ్బు పడినప్పుడు ఆ నీటి పొర ఎలా ప్రవర్తిస్తుందో ఆమె గమనించింది. ఒక రేకు తొట్టిలో నీళ్లు నింపి, దాని మీద అడ్డంగా జరిగే రేకు పట్టీ అమర్చి, నీటి ఉపరితలం బలాన్ని కొలిచింది. 1891లో ఆ ఫలితాలను ఇంగ్లండులోని భౌతికశాస్త్రవేత్త లార్డ్ రాలీకి ఉత్తరంగా రాసింది. రాలీ ఆ ఉత్తరాన్ని ‘నేచర్’ పత్రికకు పంపించాడు, వాళ్లు అచ్చువేశారు. ఆమె తొట్టి నమూనాయే తర్వాత ఉపరితల రసాయన శాస్త్రంలో ముఖ్యమైన పరికరానికి మూలమైంది. ఆ బాటలోనే పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన ఆరో తరగతి పిల్లలు ఆమె దారిలో ఒక అడుగు వెయ్యడానికి కావలసింది గిన్నెడు నీళ్లు, చిటికెడు మిరియాల పొడి, సబ్బునీళ్ల చుక్క. పొడి నీటి మీద తేలుతుంటే మధ్యలో సబ్బు చుక్క పడగానే తరిమినట్టు అంచులకు పారిపోతుంది. సబ్బు పడ్డచోట నీటి పొర బిగువు తగ్గి, చుట్టూ ఉన్న బిగువు పొడిని తనవైపు లాక్కుంటుంది. మళ్లీ పొడి చల్లి మళ్లీ సబ్బు వేస్తే ఈసారి ఎందుకు పారిపోదు? సబ్బుకు బదులు నూనె, పాలు, షాంపూ వేస్తే? ఒక్క గిన్నెకే నలభై నిమిషాల పీరియడ్ చాలదు.

మన వంటిళ్లలో ఇలాంటి పరిశోధనలు ఎప్పటినుంచో నడుస్తున్నాయి. కందిపప్పు బాగా మెత్తబడ్డాకే చింతపండు పులుసు పొయ్యాలని మన అమ్మలందరికీ తెలుసు. ముందే పోస్తే పప్పు బిరుసుగా ఉండిపోతుంది. గింజలోని కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగితేనే పప్పు మెత్తబడుతుంది, పులుపు దాన్ని కరగనివ్వదు, వంటసోడా త్వరగా కరిగిస్తుంది. కుక్కర్‌లో మూడు చిన్న గిన్నెలు పెట్టి, ఒకదానిలో పప్పూ నీళ్లూ, రెండోదానిలో చింతపండు రసం కలిపి, మూడోదానిలో చిటికెడు సోడా కలిపి ఉడికిస్తే, మంట ఒకటే, సమయం ఒకటే, మార్చింది ఒక్కటే. ప్రయోగంలో ఒకసారికి ఒక్క విషయాన్నే మార్చాలన్న సూత్రం పిల్లలకు నిర్వచనంగా చెప్పనక్కర్లేదు, వేలితో నొక్కి చూస్తే తెలుస్తుంది. ఈ ప్రయోగం ఇంట్లో, అమ్మ పక్కన నిలబడి చేసేది. బడి గడప తొక్కని అమ్మమ్మ కూడా మనవరాలికి ఆ రోజు ఫలితం ముందే చెప్పగలదు. కారణం మాత్రం మనవరాలు బడినుంచి తెచ్చి అమ్మమ్మకు చెబుతుంది.

తోడు వెయ్యడం మరొకటి. మరిగే పాలు, గోరువెచ్చని పాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, మూడింటిలో ఒకే చెంచా తోడు. మర్నాటికి ఏది పెరుగైంది, ఏది కాలేదు? మట్టికుండ ఇంకొకటి. చెమర్చిన కుండ గోడల నుంచి నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉంటే ఆవిరి త్వరగా లేస్తుంది, తేమగా ఉంటే లేవదు. అందుకే అనంతపురం ఎండలో కుండనీళ్లు చల్లబడినంతగా కాకినాడ ఉక్కలో చల్లబడవు. రెండు ఊళ్ల పిల్లలు ఒకేరోజు కుండలో ఒక థర్మామీటరు, బయట నీడలో ఒకటి పెట్టి, అంకెలు ఉత్తరాల్లో రాసుకుంటే భౌతికశాస్త్రం, భూగోళం ఒకే పాఠంలో పూర్తవుతాయి. వరి రైతులు విత్తనాలను ఎంచుకునే పద్ధతి కూడా బకెట్టు చుట్టూ కూర్చోబెట్టి చూపించదగినదే. కోడిగుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలిపి, అందులో వడ్లు పోస్తే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజలు అడుగుకు చేరతాయి. ఆ గింజలను మంచినీళ్లతో కడిగి నారు పోస్తారు. సాంద్రత పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏ పల్లె పిల్లకు కావాలి?

మంత్రివర్యులారా, ఇది ఒక ప్రభుత్వం వల్ల అయ్యే పనేనా అన్న అనుమానానికి మన దేశంలోనే జవాబుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు దాన్ని ప్రారంభించాయి, ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు వచ్చి పల్లె టీచర్లతో కలిసి కూర్చున్నారు. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది, 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. పిల్లలు నలుగురేసి గుంపులుగా ప్రయోగాలు చేసేవారు. ‘బాల వైజ్ఞానిక్’ అనే వారి పుస్తకంలో జవాబులు ఉండేవి కావు, ప్రశ్నలు, చెయ్యవలసిన పనులు ఉండేవి. అనుమానం వస్తే ‘సవాలీరామ్’ అనే ఊహా మనిషికి ఉత్తరం రాసేవారు, జవాబు వచ్చేది.

అక్కడ జరిగిన అసలు మార్పు పరీక్షలో. పిల్లలు పుస్తకాన్నీ, తాము రాసుకున్న నోట్సునూ పరీక్ష గదికి తెచ్చుకోవచ్చు. చేతితో చేసి చూపే పరీక్ష వేరుగా ఉండేది. పుస్తకం చేతిలోనే ఉంటే ఇక బట్టీ పట్టడానికి ఏం మిగిలింది? ముప్ఫై ఏళ్లు నడిచి, వందల బడులకు చేరిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపివేసింది. మన రెండు రాష్ట్రాలు దీని నుంచి నేర్చుకోవలసినవి రెండున్నాయి. మామూలు ప్రభుత్వ బడుల్లో, మామూలు టీచర్లతో ఇది సాధ్యమే. పరీక్ష మారకుండా మాత్రం సాధ్యం కాదు.

ఆ హోశంగాబాద్ కార్యక్రమం చూడడానికి 1978లో ఒక యువ ఇంజినీరు లారీలు తయారుచేసే కంపెనీ నుంచి ఏడాది సెలవు పెట్టి వచ్చాడు. పేరు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివినవాడు. సంతలో దొరికే సైకిల్ వాల్వ్ ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటితో అగ్గిపుల్లలను కలిపి ఆకారాలు కట్టించాడు. మూడు పుల్లల త్రిభుజాన్ని ఎంత నొక్కినా రూపం మారదు. నాలుగు పుల్లల చతురస్రం వేలితో తోస్తే పక్కకు వాలిపోతుంది. కరెంటు టవర్లలో, రైలు వంతెనల్లో, రేకుల షెడ్ల కప్పుల్లో అన్నీ త్రిభుజాలే ఎందుకుంటాయో ఆ రెండు బొమ్మలు పట్టుకున్న పిల్లకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఆయన ఆ తర్వాత దశాబ్దాల తరబడి పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేస్తూ, పిల్లల పుస్తకాలు పంచుతూ గడిపాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది.

కేంద్ర ప్రభుత్వ పథకం కింద బడుల్లో పెడుతున్న అటల్ టింకరింగ్ ల్యాబులు వద్దని ఈ లేఖ అనదు. 2016లో మొదలైన ఆ పథకంలో ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. దేశంలో పదివేల ల్యాబులు ఏర్పడ్డాయి, ఇంకా వస్తాయి. త్రీడీ ప్రింటరు ముందు కూర్చునే అవకాశం ఏ పిల్లకైనా మంచిదే. అయితే ఆ ల్యాబు రాని తండాలో, గూడెంలో, ఇద్దరే టీచర్లున్న బడిలో ఆరో తరగతి చదివే పిల్ల తన వంతు కోసం ఎన్నేళ్లు ఎదురుచూడాలి? ఆ బడిలోనూ మధ్యాహ్న భోజనం వండే గది ఉంది. అందులో పసుపు, ఉప్పు, చింతపండు, నూనె, కోడిగుడ్లు ఉన్నాయి. పెరట్లో మందార చెట్టు ఉంటే, ఆ పూలను వేడినీళ్లలో నానబెట్టిన రంగు నిమ్మరసంలో గులాబీకి, సున్నపు నీటిలో ఆకుపచ్చకు మారుతుంది. లిట్మస్ సీసా కోసం ఇండెంటు పెట్టి కూర్చోనక్కర్లేదు.

ఇక నోటుపుస్తకం సంగతి. దానికి మార్కులు ఇవ్వమనడంలో ఒక షరతుంది. ఫలితం పుస్తకంలో ఉన్నట్టు వచ్చిందా అని చూసి మార్కులు వెయ్యకూడదు. ఊహ రాశారా, చూసింది చూసినట్టు రాశారా, రెండూ కలవకపోతే ఎందుకని అడిగారా, ఇవే కొలతలు కావాలి.

దారానికి ఇనుప నట్టు కట్టి ఊపే చిన్న పని తీసుకోండి. నట్టు బరువు రెట్టింపు చేస్తే లోలకం వేగంగా ఊగుతుందని తరగతిలో చాలామంది రాస్తారు. పది ఊపులకు పట్టే సమయం లెక్కపెడితే బరువుతో మారదు, దారం పొడవుతోనే మారుతుంది. పాతిక సెంటీమీటర్ల దారానికి ఒక పూర్తి ఊపు దాదాపు ఒక సెకను, మీటరు దారానికి రెండు సెకన్లు. తప్పు ఊహ రాసిన పిల్లకు మార్కు పోతే, వచ్చే వారం ఆ పిల్ల ప్రయోగం అయ్యాకే ఊహ రాస్తుంది. అప్పుడు ఈ పీరియడ్ కూడా గైడులోకి ఎక్కుతుంది.

చూసింది చూసినట్టు రాయడం ఎంత కష్టమో టాంజానియా కుర్రవాడు ఎరాస్టో ఎంపెంబాకు బాగా తెలిసొచ్చింది. 1963లో బడిలో ఐస్‌క్రీమ్ చేసే క్లాసులో, ఫ్రీజర్‌లో చోటు దొరకదేమోనన్న తొందరలో వేడి పాలనే లోపల పెట్టేశాడు. కాచకుండానే పెట్టిన తోటి కుర్రవాడి పాలకంటే అతని పాలు ముందు గడ్డకట్టాయి. టీచర్లను అడిగితే పొరబడ్డావన్నారు, అది ‘ఎంపెంబా భౌతికశాస్త్రం’ అని ఒక టీచరు వెక్కిరించాడు. బడికి వచ్చిన డెనిస్ ఆస్బర్న్ అనే ఆచార్యుణ్ణి అతను మళ్లీ అదే అడిగాడు. ఆయన నవ్వలేదు, పరీక్షించి చూశాడు. 1969లో ఇద్దరూ కలిసి వ్యాసం ప్రచురించారు. వేడినీళ్లు నిజంగా ముందు గడ్డకడతాయా, కడితే ఎప్పుడు, ఎందుకు అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఒక బడి పిల్లవాడి పేరు ఆ వాదనకు శాశ్వతంగా అంటుకుపోయింది.

ప్రమాదం మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. దీనికి ఒక పేజీ నియమాలు చాలు. అగ్గిపుల్ల టీచరే గీయాలి. గోడ మీది స్విచ్చుల జోలికి పోకూడదు, కరెంటు ప్రయోగాలన్నీ టార్చి సెల్లుతోనే. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, నీడనో, సూదిబెజ్జం గుండా గోడ మీద పడిన బింబాన్నో చూడాలి. ప్రయోగానికి వాడినది నోట్లో పెట్టకూడదు. బ్లీచింగ్ పౌడరునూ బాత్రూమ్ యాసిడ్‌నూ కలిపితే విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది కనుక ఆ రెండూ ప్రయోగాల గదిలోకే రాకూడదు. ఈ పేజీ ఇంటి గోడ మీద అంటించినా మేలే.

టీచర్ల మాట కూడా వినాలి. ఇప్పటికే హాజరు, భోజనం, మరుగుదొడ్లు, పుస్తకాల పంపిణీ అంటూ యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పని వారి మీద ఉంది. దయచేసి ఈ పీరియడ్‌కు ఫొటో అడగకండి. ఫొటో అడిగిన మరుక్షణం గ్లాసులు వరుసలో నిలబడతాయి, పిల్లలు చేతులు కట్టుకుంటారు. దానికి బదులు క్లస్టర్ స్థాయిలో నెలకొకసారి సైన్సు టీచర్లు కూర్చుని, వచ్చే నెల ప్రయోగాలను ముందుగా తామే చేసి చూసుకునే సమయం ఇవ్వండి. కొవ్వొత్తి లాంటి పొరపాట్లు అక్కడే బయటపడతాయి. నేర్పగలిగినవారు మనకు కొత్త కాదు. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు దశాబ్దాలుగా ఊరూరా పసుపు, సున్నంతో బాబాల ‘రక్తం’ గుట్టు విప్పుతున్నారు, వారి ‘చెకుముకి’ పత్రిక బడుల్లో తెలిసినదే. కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణం ఉన్న, 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ చవక వస్తువులతో ప్రయోగాలు చేయించడంలో, బడుల దగ్గరికే వ్యాన్లలో సైన్సును తీసుకువెళ్లడంలో ఎంతో అనుభవం గడించింది.

చివరగా, రెండు రాష్ట్రాలూ చేతులు కలిపితేనే జరిగే ఒక ప్రయోగాన్ని ఈ లేఖ మీ ముందు పెడుతోంది.

మార్చి మూడోవారంలో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు వస్తుంది. అప్పటికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, సాధారణంగా పన్నెండున్నరకు వదులుతారు. ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తుకు చేరే వేళ తిరుపతిలో సుమారు 12 గంటల 20 నిమిషాలు, ఆదిలాబాద్‌లో మరో మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ. అంటే బడి గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు. మీటరు పొడవు కర్రను నిటారుగా నిలబెట్టి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలిస్తే, తిరుపతిలో దాదాపు 24 సెంటీమీటర్లు, ఆదిలాబాద్‌లో దాదాపు 36 వస్తుంది. గ్రాఫు కాగితం మీద ఆ రెండు త్రిభుజాలు గీసి కోణమానినితో కొలిస్తే, కోణాల తేడా 6 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. పటంలో చూస్తే ఉత్తర దక్షిణాలుగా ఆ రెండు ఊళ్ల మధ్య సుమారు 670 కిలోమీటర్లు. వృత్తంలో ఆరు డిగ్రీలు అరవయ్యోవంతు. అరవై రెట్లు చేస్తే 40,200. భూమి అసలు చుట్టుకొలత 40 వేల కిలోమీటర్ల పైచిలుకు. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో రెండు ఊళ్ల మధ్య చేసిన లెక్క ఇలాంటిదే.

ఈ లెక్కలో ఒక ఊరి అంకె ఒక్కదానివల్లా ఏమీ తేలదు. తిరుపతి పిల్లలకు ఆదిలాబాద్ అంకె కావాలి, ఆదిలాబాద్ పిల్లలకు తిరుపతి అంకె కావాలి. ఆ మధ్యాహ్నం మీలో ఒకరు తిరుపతిలో ఒక ప్రభుత్వ బడి ఆవరణలో, మరొకరు ఆదిలాబాద్‌లో పిల్లల పక్కన ఎండలో నిలబడండి. కర్ర పిల్లలే పాతుతారు, నీడ వాళ్లే కొలుస్తారు. మీరు చెయ్యవలసింది ఒకరికొకరు ఫోన్ చేసి, పిల్లలు చెప్పిన అంకె అవతలి బడికి వినిపించడం. ఏ రోజు వీలవుతుందో తేదీ మీరే చెప్పండి. రెండు చోట్లా కర్రలు సిద్ధంగా ఉంటాయి.

ఇట్లు,
ప్రభుత్వ బడుల మేలు కోరే ఒక తెలుగు పౌరుడు